తక్కెడకు తెలియని విలువ

పాత సామానుతో ఇంటిని చవకగా అలంకరించుకోవడం వెనక ఉన్న కిటుకు ఒక్కటే: అమ్మేవారు వస్తువును బరువు లెక్కన చూస్తారు, కొనేవారు పనితనం లెక్కన చూస్తారు. కబాడీ దుకాణంలో ఇనుముకు కిలో ఇంత, ఇత్తడికి ఇంత, అట్టపెట్టెలకు ఇంత అని రేటు ఉంటుంది. ఆ తక్కెడ దగ్గర నగిషీ చెక్కిన టేకు కిటికీ రెక్కా, పొయ్యిలోకి పోయే చెక్కముక్కా ఒకే వరసలో నిలబడతాయి. కుట్టుమిషన్ పోత ఇనుప స్టాండు మీద తీగల అల్లిక ఎంత ముచ్చటగా ఉన్నా, దాని ధర పాత ఇనుప చువ్వల ధరే. ఈ రెండు లెక్కల మధ్య ఎంత తేడా ఉంటే కొనేవారికి అంత లాభం. తక్కెడ దగ్గర ఏ వస్తువుకు అన్యాయం జరుగుతోందో పసిగట్టడం ఇందులో మొదటి విద్య. బాగుచేయడం, ఇంట్లో అమర్చడం ఆ తరవాతివి.

దాతల దుకాణం, కబాడీ దుకాణం

పాశ్చాత్య దేశాల్లో వాడిన సామాను అమ్మడానికి థ్రిఫ్ట్ స్టోర్లు, ఛారిటీ షాపులు ఉన్నాయి. జనం తమకు అక్కర్లేని వస్తువులను ఊరికే ఇచ్చి వెళతారు. స్వచ్ఛంద సంస్థ వాటిని శుభ్రం చేసి, ఒక్కోదానికి ధర చీటీ కట్టి అమ్మి, వచ్చిన డబ్బును సేవకు వాడుతుంది. అమెరికాలోని బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాస్టరు 1902లో మొదలుపెట్టిన ఇలాంటి పనే గుడ్‌విల్ సంస్థగా ఎదిగింది. పాత బట్టలూ కుర్చీలూ సేకరించడం, పేదలకే కూలి ఇచ్చి బాగుచేయించడం, చవకగా అమ్మడం అక్కడి పద్ధతి. ఇంగ్లండులో ఆక్స్‌ఫామ్ సంస్థ 1940ల చివర్లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇలాంటి దుకాణం తెరిచింది.

తెలుగునాట పాత సామాను దానంగా పోవడం తక్కువ, అమ్ముడుపోవడం ఎక్కువ. పాత ఇనుము, పేపర్లు కొంటామని కేక వేసుకుంటూ వచ్చే తోపుడుబండి మనిషి గుమ్మంలోనే తూచి డబ్బు చేతిలో పెడతాడు. పాత చీరలు, ప్యాంట్లు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చేవాళ్లు వేరు, పట్టుచీరల జరీ కొనేవాళ్లు వేరు. బండి మీది సరుకు సాయంత్రానికి బస్తీలోని కబాడీ దుకాణం చేరుతుంది. అక్కడ ఇనుము, ఇత్తడి, అల్యూమినియం, ప్లాస్టిక్, గాజు, కాగితం దేని కుప్ప దానిదవుతుంది. కుప్ప పెరిగాక లారీ ఎక్కి, కరిగించే కొలిమికో గుజ్జు చేసే మిల్లుకో వెళ్లిపోతుంది. అలంకరణ కోసం వెతికేవారికి వస్తువు దొరికేది ఈ దారి మధ్యలోనే. ఆలస్యమైతే మిగలదు, ఎందుకంటే లోహాన్నీ చెక్కనూ విడదీయడానికి దుకాణంలో మొదట ఎత్తేది సుత్తే.

దండు, రైలు తెచ్చిన సరుకు

ఒక ప్రాంతంలో ఎలాంటి పాత సామాను దొరుకుతుందన్నది అక్కడ ఎలాంటి మనుషులు కాపురమున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఉదాహరణకు హైదరాబాద్‌లోని మెట్టుగూడను చూడండి, అది సికింద్రాబాద్ స్టేషనుకూ తార్నాకకూ మధ్య, రైల్వే కాలనీల పక్కన ఉంది. నిజాం ప్రభుత్వం 1798లో ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న ఒప్పందం వల్ల హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన బ్రిటిష్ దండు దిగింది. ఆ చోటుకు 1806లో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు వచ్చింది. 1874లో వాడి జంక్షను నుంచి రైలుమార్గం ఇక్కడికి చేరింది. 1893లో మెట్టుగూడ పక్కనే లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు మొదలైంది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు దానికి సికింద్రాబాదే కేంద్రమైంది.

దండులోనైనా రైల్వేలోనైనా ఉద్యోగి బదిలీ మీద వస్తాడు, బదిలీ మీద వెళతాడు. వెళ్లేటప్పుడు బరువైనవీ మోయడం దండగ అనిపించినవీ అమ్మేస్తాడు. నల్లరంగు మీద తెల్ల అక్షరాలతో పేరు, హోదా, ఊరు రాసిన ఇనుప ట్రంకుపెట్టెలు, పేము అల్లిన కుర్చీలు, మడత మంచాలు ఇలా బజారుకెక్కే సామానే. పల్లెల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల సామాను మరో రకం: ఇత్తడి బిందెలు, గంగాళాలు, ఊరగాయ జాడీలు, లాంతర్లు, భోషాణాలు. పెంకుటిళ్లు కూల్చి అపార్ట్‌మెంట్లు కట్టేకొద్దీ తలుపులు, కిటికీలు, దూలాలు, స్తంభాలు కూడా వీటికి తోడయ్యాయి.

ఎక్కడ, ఎప్పుడు

అన్నిటికన్నా దగ్గరిది వీధి చివరి కబాడీ దుకాణం. బండ్లు తిరిగొచ్చే సాయంత్రం వేళ వెళ్తే సరుకు కుప్పలో కలవకముందే కంటపడుతుంది. ఏం కావాలో యజమానికి ముందే చెప్పి ఉంచితే, తలుపో గడియారమో వచ్చినప్పుడు పక్కన పెడతాడు. తూకం ధర మీద కొద్దిగా కలిపి ఇస్తే అతనికీ లాభమే.

రెండోది ఆదివారం ఎర్రగడ్డ సంత. మెట్టుగూడలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో రైలు మారితే అక్కడి నుంచి ఎర్రగడ్డ మూడో స్టేషను. జనం చోర్ బజార్ అని కూడా పిలిచే ఈ సంతలో చెప్పులు, పనిముట్లు, గడియారాలు, వంటసామాను, కుర్చీల దాకా నేల మీద పరిచి అమ్ముతారు. మూడోది పాతబస్తీ వైపు పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజార్. జుమ్మేరాత్ అంటే గురువారం, సంత జరిగే రోజే దాని పేరైంది. రెండు చోట్లా చెప్పిన ధరకు కొనే ఆచారం లేదు. పొద్దున్నే వెళ్తే మంచి సరుకు ఉంటుంది, బోణీ బేరానికి అమ్మేవాడు కాస్త దిగుతాడు కూడా. పొద్దు వాలాక సరుకు తక్కువే అయినా, మిగిలినదాన్ని మూటకట్టి మోయడం ఇష్టంలేక ధర తగ్గించేవారు ఉంటారు.

నాలుగోది బదిలీ సామాను. అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఓఎల్‌ఎక్స్ లాంటి చోట్లా ఇల్లు ఖాళీ చేసేవారి ప్రకటనలు కనిపిస్తాయి. ఖాళీ చేసే తేదీ దగ్గరపడేకొద్దీ ధర పడిపోతుంది.

పండగలకూ ఈ వేటకూ సంబంధం ఉంది. దసరా ముందు ఇల్లు దులిపినప్పుడు అటక మీది సామాను కిందికి దిగుతుంది. సంక్రాంతికి ముందు భోగి మంటల కోసం విరిగిన కుర్చీలు, పాత తలుపులు పోగేస్తారు. మంటకు వెళ్లే చెక్కలో టేకు ఉందేమో చూడటానికి భోగికి ముందు వారమే అదను. శనివారం ఇనుము ఇంటికి తేకూడదన్న పట్టింపు ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఎర్రగడ్డ సంత ఆదివారం కావడం వాళ్లకు కలిసొచ్చే సంగతి.

కన్ను, చెవి, అయస్కాంతం

సంతకు వెళ్లేటప్పుడు చేతిలో ఉండాల్సినవి నాలుగు: కొలత టేపు, చిన్న టార్చి, తడిగుడ్డ, ఫ్రిజ్ తలుపుకు అంటించే పాటి అయస్కాంతం. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం, కంచు రాగి, తగరాల మిశ్రమం. రెంటికీ అయస్కాంతం అంటదు. అంటుకుందంటే లోపల ఇనుము ఉంది, పైన ఇత్తడి పూత మాత్రమే ఉంది. అయస్కాంతం అంటకపోయినా అల్యూమినియానికి పసుపు రంగు వేసి ఉండవచ్చు. బరువు చూస్తే, అడుగున ఒక మూల గీసి చూస్తే తెలిసిపోతుంది. కంచు పాత్రను వేలి కణుపుతో తడితే మోత చాలాసేపు నిలుస్తుంది.

జాడీకీ చెవి పరీక్షే. తట్టినప్పుడు ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్లే. చెక్కను ముందు వైపు కాకుండా వెనక నుంచి, సొరుగు లోపల నుంచి చూడాలి. అంచు దగ్గర పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. పొట్టు అదిమినట్లు కనిపిస్తే పార్టికల్ బోర్డు, అది ఒకసారి తడిస్తే ఉబ్బి ఇక బాగుపడదు. ముక్క అంతటా ఒకే చార సాగితే గట్టి కలప. ఒక చెక్క నాలుకలా మరో చెక్క గాడిలోకి దిగి ఉంటే పాత వడ్రంగి పని, అలాంటి వస్తువు కాళ్లు ఊగినా విప్పి జిగురు పెట్టి మళ్లీ బిగించవచ్చు. సూదిమొనంత రంధ్రాలుంటే వస్తువును నేలకు తట్టి చూడాలి. తెల్లని మెత్తటి పొడి రాలితే పుచ్చుపురుగు ఇంకా లోపల బతికే ఉంది. అలాంటిదాన్ని ఇంట్లోకి తెస్తే మిగతా చెక్క సామానుకూ పాకుతుంది. పొడి రాలని పాత రంధ్రాలతో భయం లేదు.

చవకైనా వద్దు

కొన్ని వస్తువులు ఎంత తక్కువకు వచ్చినా వదిలేయాలి. పరుపులు, దిండ్లు, దూది కుక్కిన సోఫాలు నల్లులకు నెలవు. కుట్ల సందుల్లో నల్లటి చుక్కలు కనిపిస్తే వాటి జాడే. మెట్టుగూడ రైల్వే ప్రాంతం కాబట్టి పాత చెక్క స్లీపర్లు దొరికితే బల్ల చేయించాలన్న ఆశ పుడుతుంది. పట్టాల కింద కాంక్రీటు రాకముందు వాడిన ఆ దిమ్మెలకు చెద పట్టకుండా క్రియోసోట్ అనే తారునూనె తాగించేవారు. వేడికి అది వాసన కొడుతుంది, చర్మానికి తగిలితే మంట పుట్టిస్తుంది, ఆరోగ్యానికి హాని చేస్తుంది. ఇంటి లోపల దానికి చోటు లేదు.

చట్టం అడ్డుపడేవీ ఉన్నాయి. గోడకు తగిలించే జింక కొమ్ములు, దంతపు బొమ్మల అమ్మకం కొనుగోళ్లు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అదే సంవత్సరం వచ్చిన పురావస్తువుల చట్టం వందేళ్లు దాటిన విగ్రహాలు, చిత్రాల లాంటి వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలంటుంది. గుడి విగ్రహంలా కనిపించే పాత రాతిబొమ్మ జోలికి వెళ్లకపోవడం మేలు. దొంగసొమ్ము అని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండి కూడా తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద శిక్ష పడుతుంది. బిల్లు లేని ఫోను, నీళ్ల మీటరు, కొత్తగా కోసిన రాగి తీగ ఇలాంటి అనుమానానికి తావిచ్చే సరుకే.

ఒక ట్రంకుపెట్టె కథ

బాగుచేయడం ఎలా సాగుతుందో చూడటానికి ట్రంకుపెట్టె మంచి ఉదాహరణ. రేకు తుప్పు పట్టి ఉంటుంది, రంగు పెచ్చులు లేచి ఉంటుంది, గొళ్లెం వంగి ఉంటుంది. మొదట పెట్టెను ఎండలో తెరిచి పెట్టి, సబ్బునీళ్లతో కడిగి, తడి లేకుండా ఆరబెడతారు. తరవాత అడుగు భాగాన్ని వెలుగుకు ఎత్తి చూస్తారు. సూదిబెజ్జాల్లా వెలుగు కనిపిస్తే రేకు తినేసింది, ఆ మేరకు లోపల కొత్త రేకో పలుచటి ప్లైవుడ్డో పరవాలి.

తుప్పును ఇనుప బ్రష్షుతో, ఆ తరవాత గరుకు కాగితంతో గీకుతారు. మొదట ముతకది, చివర నున్నటిది. మెరిసే రేకు బయటపడ్డాక ఆ పూటే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేయాలి. రాత్రంతా వదిలేస్తే, అందులోనూ వానాకాలంలో, గాలిలో తేమకే మళ్లీ ఎరుపు తిరుగుతుంది. ప్రైమర్ ఆరాక ఎనామిల్ రంగు పలుచగా రెండుసార్లు వేస్తారు. ఒకేసారి మందంగా వేస్తే జారి చారికలు కడుతుంది.

పేరు రాసిన వైపు మాత్రం గీకకూడదు. నలభై ఏళ్ల కిందట ఎవరో పెయింటర్ చేత్తో రాసిన ఆ తెల్ల అక్షరాలే పెట్టెకు అందం. చుట్టూ టేపు అంటించి అంతవరకు వదిలేసి, మెత్తటి గుడ్డతో తుడిచి, రంగులేని వార్నిష్ ఒక పూత వేస్తే అవి నిలుస్తాయి. పేరుతో పాటు చిరునామా కూడా ఉంటే ఆ పంక్తిని కప్పేయడం మర్యాద. అడుగున నాలుగు చక్రాలు బిగిస్తే పెట్టె హాలులో టీపాయ్ అవుతుంది. మూత మీద మడిచిన బొంత పరిస్తే ఇద్దరు కూర్చునే బల్ల అవుతుంది. లోపల చలికాలపు దుప్పట్లు పడతాయి, అంటే ఒక అల్మరా ఖర్చు కూడా తగ్గుతుంది. చక్రాలు, గొళ్లేలు, రంగుల కోసం సికింద్రాబాద్‌లోనే రాణిగంజ్ బజారు ఉంది.

ఇత్తడి దగ్గర లెక్క వేరు

తక్కెడ సరిగ్గా తూచే వస్తువు ఇత్తడి. దాని లోహం ధర కబాడీ యజమానికి బాగా తెలుసు కాబట్టి బిందె అతి చవకగా రాదు. కొత్త బిందెకూ దీనికీ తేడా ప్రధానంగా మజూరీలో ఉంటుంది. సుత్తితో కొట్టి చేసిన పాత పనితనానికి కొత్తదాంట్లో ఎక్కువ ఇవ్వాలి, పాతదాంట్లో అది ఉచితంగా వస్తుంది. అందుకే ఇత్తడిలో కొనాల్సింది పనితనమున్న వస్తువును: నడుమున గీతలు తీర్చిన బిందెను, చెవులకు నగిషీ ఉన్న గంగాళాన్ని, చిల్లుల మూత ఉన్న బొగ్గుల ఇస్త్రీపెట్టెను.

ఇత్తడి నల్లబడటానికి కారణం అందులోని రాగి గాలితో కలవడం. పులుపు ఆ నల్లటి పొరను కరిగిస్తుంది. నానబెట్టిన చింతపండు గుజ్జులో కాస్త ఉప్పు కలిపి పట్టించి, కొంతసేపు ఆగి, కొబ్బరి పీచుతో గుండ్రంగా రుద్దితే రంగు తేలుతుంది. నీళ్లతో బాగా కడిగి వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. తుడవకుండా వదిలితే నీటిచుక్క నిలిచిన చోటల్లా మచ్చ పడుతుంది. చివర కొబ్బరినూనె పలుచగా పూస్తే కొన్నాళ్లు మెరుపు నిలుస్తుంది, లక్క వార్నిష్ వేస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది. నగిషీ గాడుల్లోని నలుపును మాత్రం ఉంచేయడం మంచిది, గీతలు విడిగా కనిపించేది ఆ నీడ వల్లే. పచ్చగా పేరుకున్న కిలుం మాత్రం విషం, పూర్తిగా పోవాలి. అలంకరణకు తెచ్చిన పాత్రలో కళాయి పెట్టించకుండా వండకూడదు.

గంగాళంలో మొక్క పెట్టాలంటే మట్టి నేరుగా నింపకుండా ప్లాస్టిక్ కుండీని లోపల దించాలి. నీళ్లు పోసి పూలు తేలేయాలంటే రోజూ మార్చాలి. నిలవనీరు డెంగీ దోమకు పుట్టిల్లు.

కిటికీ అద్దమవుతుంది, కుట్టుమిషన్ బల్లవుతుంది

తక్కెడ అన్నిటికన్నా ఎక్కువ అన్యాయం చేసేది చెక్కకు. పాత టేకు ఏనాడో ఎండి, కుదించుకోవడం ఆగిపోయిన కలప. కొత్త కలపలా వంకర తిరగదు. పాత కిటికీ చట్రంలో చువ్వలు తీసి అద్దం బిగిస్తే గోడ అద్దం తయారవుతుంది. తలుపు రెక్కను నాలుగు కాళ్ల మీద పడుకోబెట్టి పైన గాజు పలక వేస్తే భోజనాల బల్ల అవుతుంది. లోతైన సొరుగును గోడకు బిగిస్తే పుస్తకాల అర అవుతుంది.

పాత రంగు గీకేటప్పుడు జాగ్రత్త అవసరం. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధనను కేంద్రం 2016లో తెచ్చింది, అది 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి రంగుల్లో సీసం ఎక్కువే ఉండవచ్చు. అందుకే పొడిగా గీకి దుమ్ము లేపకుండా నీళ్లు చల్లి తడిగా రుద్దాలి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి, పిల్లలను దూరంగా ఉంచాలి. ఊయల లాంటి పిల్లల వస్తువుకు పాత రంగు అసలే మిగలనీయకూడదు.

మేకుల గుంటలు, పుచ్చు రంధ్రాలు పూడ్చడానికి బజారు లప్పం ఉంది. ఇంట్లో చేసుకునేదీ ఒకటుంది. కొండపల్లి బొమ్మల పనివారు చింతగింజల పిండి జిగురులో రంపపు పొట్టు కలిపి మక్కు అనే ముద్ద చేసి బొమ్మ అవయవాలు అతుకుతారు. బాగుచేసే చెక్క పొట్టుతోనే చేసిన ముద్ద రంగులో కలిసిపోతుంది. ఆరాక చారవెంట గరుకు కాగితం పట్టాలి, అడ్డంగా పడితే గీతలు నిలిచిపోతాయి. పాత వడ్రంగులు వాడే ఫ్రెంచ్ పాలిష్ అంటే స్పిరిట్‌లో కరిగిన లక్క. దూదిని గుడ్డలో చుట్టి, పలుచటి పొరలుగా పదేపదే అద్దుతారు. వేడి గ్లాసు పెడితే దానిమీద తెల్లని మచ్చ పడుతుంది కాబట్టి బల్లలకు ఇతర వార్నిష్ వాడటం నయం.

సింగర్, ఉషా మిషన్ల పోత ఇనుప స్టాండు చెక్క పనితో పనిలేకుండానే బల్లవుతుంది. గ్రీజు మురికిని కిరోసిన్ గుడ్డతో తుడిచి, నల్ల రంగు వేసి, పైన రాయి పెట్టడమే. తెలంగాణలో రాయికి కొదవలేదు. గ్రానైట్ దుకాణాల్లో కోతలో మిగిలిన ముక్కలు, తాండూరు నాపరాతి పలకలు తక్కువ ధరకు వస్తాయి. తొక్కే పలక కదలకుండా తీగతో కట్టేయాలి, లేకపోతే పిల్లల కాళ్లు ఇరుక్కుంటాయి.

చీర, సీసా, దీపం

పాత చీరలను పొరలుగా పరిచి కుట్టిన బొంత తెలుగిళ్లలో తరతరాలుగా ఉన్నదే. దాన్ని సోఫా మీద పరిస్తే వెలసిన గుడ్డ కనపడదు. నేతచీర కిటికీ తెరకు, దిండు గలీబుకు పనికొస్తుంది. పాత పట్టు మడతల దగ్గర చీలిపోతుంది కాబట్టి వెనక నూలుగుడ్డ అస్తరు వేసి కుట్టాలి. పూర్తిగా చీకిపోయిన చీరలో అంచూ కొంగూ మిగిలి ఉంటే అంతవరకు కోసి చట్రంలో బిగిస్తారు. కొనుక్కొచ్చిన ఏ నూలుగుడ్డనైనా మొదట వేడినీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎర్రటి ఎండలో ఆరవేయాలి.

గాజుకు తూకంలో పెద్దగా విలువ లేదు. నోట్లో గోలీ ఉండే సోడా సీసాను ఇంగ్లండులో హైరమ్ కాడ్ 1872లో పేటెంట్ చేశాడు. ఆ దేశంలో అది ఎప్పుడో మాయమైనా, తెలుగు ఊళ్ల సోడాబండ్ల మీద నిలిచింది. వెలుగొచ్చే కిటికీ గట్టు మీద నాలుగు సీసాలు వరసగా పెడితే వేరే అలంకారం అక్కర్లేదు. పాత జాడీ పైపూతలో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి అందులో ఊరగాయ పెట్టకుండా ఎండుపూలో గరిటెలో పెట్టుకోవచ్చు.

జాడీని, లాంతరును కరెంటు దీపంగా మార్చేటప్పుడు పాత వైరును పూర్తిగా తీసేసి ఐఎస్ఐ గుర్తున్న కొత్త వైరు, హోల్డరు వేయించాలి. లోహపు దీపానికి మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తు తప్పనిసరి. వైరు బయటికి వచ్చే రంధ్రం అంచుకు రబ్బరు తొడుగు లేకపోతే రేకు వైరును కోసేస్తుంది. బల్బు ఎల్‌ఈడీదైతే వేడి తక్కువ, గుడ్డ తొడుగు కాలదు.

చిన్న పోర్షన్‌లో అమరిక

రెండు గదుల పోర్షన్‌లో పాత వస్తువులన్నీ పేరిస్తే అది ఇంకో కబాడీ దుకాణమే అవుతుంది. గదికి ఒక పెద్ద పాత వస్తువు, దాని పక్కన ఒకటి రెండు చిన్నవి, చుట్టూ ఖాళీ గోడ ఉంటే కన్ను నిలుస్తుంది. వేర్వేరు సైజుల పాత ఫొటో చట్రాలు గందరగోళంగా కనిపిస్తే అన్నిటికీ ఒకే రంగు వేయాలి. ఒకే లోహపు వస్తువులను ఒకచోట చేర్చినా ఇల్లు కుదురుగా కనిపిస్తుంది.

గోడకు మేకు కొట్టొద్దనే ఇంటివాళ్లున్న చోట నేల మీద నిలిపే వస్తువులే దారి. గోడకు ఆనించిన పాత వెదురు నిచ్చెన మీద చీరలో తువ్వాళ్లో వేలాడదీయవచ్చు. పెద్ద అద్దాన్ని ట్రంకు మీద నిలిపి ఆనించవచ్చు. కొనేముందే గుమ్మం వెడల్పు, మెట్ల మలుపు కొలిచి పెట్టుకోవాలి. రెండో అంతస్తు మలుపులో ఇరుక్కున్న భోషాణాన్ని దింపడానికి కూలి మళ్లీ ఇవ్వాలి.

ఎవరో వాడిన వస్తువు ఇంట్లో ఎందుకన్న సంకోచం కొందరిలో ఉంటుంది. ఆగిన గడియారం, పగిలిన అద్దం ఇంట్లో ఉంచకూడదనేది చాలామంది పాటించే మాట. గడియారానికి కొత్త యంత్రం, చట్రానికి కొత్త అద్దం వేయిస్తే ఆ పట్టింపూ తీరుతుంది, వస్తువూ పనికొస్తుంది.

మొత్తం లెక్క

పాత వస్తువు అసలు ధర కొన్న ధర కాదు. ట్రంకుకు 500 రూపాయలు ఇచ్చారనుకుంటే, ట్రాలీ ఆటోకు 300, రంగులు, కాగితాలు, బ్రష్షులకు 400, చక్రాలకు 200 కలిపి 1,400 అవుతుంది. రెండు సెలవు రోజుల శ్రమ దీనికి అదనం. ఇదంతా కలిపినా అదే పని చేసే కొత్త వస్తువు ధరలో సగం దాటకపోతే కొనవచ్చు. సగం దాటితే, ఆ వస్తువు మీద ప్రత్యేకమైన ఇష్టం ఉంటే తప్ప వదిలేయడం తెలివి. వడ్రంగినో వెల్డరునో పిలవాల్సి వచ్చే వస్తువుల్లో కూలి త్వరగా సగం దాటిస్తుంది. అందువల్ల మొదటిసారి చేసేవారు తమ చేత్తో అయ్యే పనులతోనే మొదలుపెట్టాలి: కడగడం, రుద్దడం, రంగు వేయడం, బిగించడం.

కొన్నాళ్లకు మోజు తీరినా, ఇల్లు మారినా నష్టం తక్కువ. బాగుచేసిన బల్లను బదిలీ మీద వచ్చిన మరో కుటుంబం కొనవచ్చు. ఎవరూ కొనకపోతే ఇనుము, ఇత్తడి మళ్లీ అదే కబాడీ తక్కెడ ఎక్కుతాయి, ఆ రోజు రేటు ప్రకారం వాటి బరువు డబ్బు తిరిగి వస్తుంది. పార్టికల్ బోర్డు అల్మరాను మాత్రం ఆ తక్కెడ కూడా తీసుకోదు.